తీతువు తెచ్చిన తడి

2003 మే నెల, ఒక ఆదివారం. గుట్ట మీద ఉన్నవారు: నేను ఒక్కడినే. ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. కింద పామిడి వైపు పెన్న అంతా ఇసుకే.

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, ఇదే గుట్టను పరుగున ఎక్కేవాణ్ణి. పైనుంచి తాడిపత్రి బాట కనిపిస్తుంది. అమ్మ పోయిన ఏడాది నాయన నన్ను మేనమామ ఇంట్లో వదిలి, ఆ బాటనే బండల గనుల్లో పనికి వెళ్ళాడు. నెలకొకసారి వస్తానన్నాడు. మూడు నెలలైనా రాలేదు. నన్ను వదిలేశాడేమోనన్న భయం ఎవరికీ చెప్పలేదు. రోజూ ఎక్కి, ఖాళీ బాటను చూసి, దిగిపోయేవాణ్ణి. గుట్ట మీద ఇంకేం ఉందో ఏనాడూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం గొర్రెలు తోలుకుని మా మామ కూడా పైకి వచ్చాడు. అప్పుడే ఒక తీతువు మా తలల మీద తిరుగుతూ అరవసాగింది. దాని అరుపు చెడ్డ కబురని, రాయి విసిరితే ఆ చెడు పోతుందని మా ఊళ్ళో నమ్మకం. నాయనకేమైనా అయిందేమో అనుకున్నాను. గబగబా నేల తడిమి చేతికందినది ఎత్తాను.

మామ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏమల్లుడా, రాయికీ గుడ్డుకీ తేడా తెలీకపోతే నీకు గొర్రెలెట్ల అప్పజెప్పేదప్పా?"

నిజంగానే గుడ్డు. రంగూ మచ్చలూ అచ్చం గులకరాయివే. గూడంటూ లేదు, ఉత్త నేల మీద ఇంకో మూడున్నాయి. మామ దాన్ని ఉన్నచోటే పెట్టించి, నన్ను దూరంగా రేగుపొద వెనక కూర్చోబెట్టాడు.

"నీకు ఉరకడమే వచ్చు, చూడ్డం రాదు. ఊరకుండి చూడు."

పిట్ట దిగి, గుడ్ల మీద తన నీడ పడేలా నిలబడింది. కాసేపటికి ఏటివైపు ఎగిరిపోయింది. గుడ్ల కింద నేల కాలిపోతోంది.

"ఇడిసిపెట్టి పాయ మామా! గుడ్లు ఉడికిపోతాయి."

"పోతే పోయినట్టేనా? కూసో."

కూర్చున్నాను. గుడ్ల మీంచి చూపు తిప్పలేకపోయాను. అలా చూస్తుండగానే రాయి అనుకున్నది ఒకటి మిడతై గెంతింది. ఎండిన పుల్ల అనుకున్నది తొండై తల ఎత్తింది. మూడు నెలలు రోజూ తొక్కిన నేల అది.

ఎంతసేపటికో పిట్ట వచ్చింది. పొట్ట కింది ఈకలు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. మెల్లగా గుడ్ల మీద ఒదిగింది.

"ఏట్లో నీళ్ళ చెలమ ఉండాది. ఆడ పొట్ట ముంచుకోని వచ్చిండాది. పొద్దుకు ఎన్ని తూర్లు తిరుగుతాదో ఎవురు చూసినారు?" అన్నాడు మామ. నాయన మాట ఆయన ఎత్తలేదు.

మరుసటి ఉదయం బండల లారీలో నాయన వచ్చాడు. కాలి మీద బండ పడి రెండు నెలలు లేవలేదట, కుంటుతున్నాడు. డ్రైవరు హారను కొట్టేదాకా అరుగు మీద నా పక్కన కూర్చుని, మళ్ళీ లారీ ఎక్కాడు. ఎప్పుడొస్తావని నేను అడగలేదు. దుమ్ము అణిగి, బాట ఖాళీ అయిన తర్వాత కూడా నిలబడి చూశాను. పోతున్నవాళ్ళ వీపు చూసి ఇక రారని తేల్చేసుకోకపోవడం నాకు ఆ ఉదయం నుంచే అలవాటైంది.