రిహార్సల్ చెయ్యని మాట

రియాద్‌ల మా రాజన్న కడుతున్న బిల్డింగు మీదికెళ్లి కిందవడి పానం ఇడిసిండు. ఊళ్లె వదినెకు ఫోన్ చేసి చెప్పుడు నా మీద వడ్డది. నేను పనిచేసే తబూక్ నుంచి రియాద్ పోదామని ఎయిర్‌పోర్టుల కూసోని, "వదినె, అన్న ఇగ లేడు" అని ఒక్కటే మాటను పదేపదే అప్పజెప్పుకుంటున్న.

పక్క కుర్చీల ఒక ముసలి దొరసాని నా పెదవులు చూసి, "నువ్వు నటుడివా?" అని ఇంగ్లీషుల అడిగింది. నాకు మండింది. ఆమెది లండనట. నాటకాలల్ల, టీవీల్ల వేషాలేసుకుంటనే ముసలిదైందట. ఈడికి షూటింగుకొచ్చిందట.

"వయసుల రాణి వేషాలిచ్చిన్రు. ఇప్పుడు మంచంల సచ్చే ముసలామె వేషాలే ఇస్తున్నరు," అని నవ్వింది.

నాకొచ్చిన ఇంగ్లీషుల నా సంగతి చెప్పిన. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మా నాటకపోళ్లల్ల నాటకం ఆఖరి మాటను, అపశకునమని, రిహార్సల్ల అననోళ్లున్నరు. మొదటి ఆట నాడే అంటరు. నువ్వు గూడ ఇగ ఆపు," అని నా చెయ్యి పట్టుకున్నది.

ఆమె ముంగటనే ఫోన్ కలిపిన.

"చెప్పు తమ్మీ, మీ అన్న ఫోనెత్తుతలేడేంది?" అన్నది వదినె.

"వదినె, అన్న..." అని ఆడికే ఆగిన. వదినెనే, "ఎప్పుడు?" అని అడిగింది.

"ఇగ లేడు" అన్న మాట ఇయ్యాల్టిదాంక నేను అననే లేదు.