బావ గీసిన బళ్లారి

బళ్లారిలో ఉండే మా బావ ఈ ఉదయం ఫోన్ చేసి, ఇంటర్నెట్‌లో తాను గీసిన పటం చూడమన్నాడు. ఎవరైనా గీతలు గీసి పేర్లు పెట్టగల సైటు అది. నెట్ సెంటరుకు వెళ్లి చూశాను. ఆంధ్రలో ఉన్న మా ఆదోనిని కూడా బళ్లారి జిల్లాలో కలుపుకుని గీత గీసి, ‘అసలైన బళ్లారి’ అని పేరు పెట్టాడు. కింద ఎవరో ‘ఆంధ్రావాళ్లు ఆదోని ఖాళీ చేసి పోవాలి’ అని కన్నడంలో రాశారు.

అక్కడినుంచే ఫోన్ చేశాను.

“ఒకప్పుడు ఆదోని ఈ జిల్లాలోదే గదప్పా,” అన్నాడు బావ.

“నిజమే బావా. అంతకు ముందు నిజాం కింద ఉండేది. అదెందుకు గీయలేదు?”

“అది మనకెందుకు?”

“సరే, కింద రాసిన ఆ మాటన్నా తీసేయొచ్చు గదా?”

“నేను రాసింది కాదు. నేనెందుకు తీసేయల్ల?”

ఇంతలో అక్క ఫోన్ తీసుకుని, ఏం రాశారని అడిగింది. చెప్పాను. ఆమె “అయితే మా తమ్ముణ్ని గూడా పొమ్మంటాండావా?” అని బావను అడగడం వినబడింది.

సాయంత్రం మళ్లీ చూశాను. ఆ మాట అలాగే ఉంది. పటం బాగుందని ఇంకొకరు మెచ్చుకున్నారు కూడా.

ఆదివారం మేనకోడలి నిశ్చితార్థానికి మేమంతా బళ్లారి పోవాలి. గడప దగ్గర బావ ఎదురొచ్చి “రాప్పా” అంటే ఏమనాలో మీరైనా చెప్పండి.