పొంగని టీకా

టీకాలు వేసే ఉద్యోగంలో నేను పట్టుకున్న చేతులకి లెక్కలేదు. వాటిలో ఒక్క చెయ్యి తప్ప మిగిలినవన్నీ మరిచిపోయాను. దాని సంగతి ఇన్నేళ్ళూ ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పలేదు. చెబితే ఓదారుస్తారు. "మంచికే కదా చేశావు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. విజయనగరం దగ్గర పల్లె మాది. పని నేర్పినవాళ్ళు మాకు రెండే సంగతులు పదేపదే చెప్పారు. మశూచి మందు సన్నటి గాజు గొట్టాల్లో వస్తుంది, దానికి ఎండ తగలకూడదు, తగిలితే అది నీళ్ళతో సమానం. టీకా వేసిన ఏడో రోజున మళ్ళీ వెళ్ళి చెయ్యి చూడాలి. వేసినచోట బొబ్బ పొంగితే మందు పట్టినట్టు, పొంగకపోతే పట్టనట్టు, మళ్ళీ వెయ్యాలి. ఇంతే విద్య. దీనికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. అవి నాకు కాస్త ఎక్కువగా ఉండటమే కొంప ముంచింది.

నన్ను ఏజెన్సీకి వేశారు. సర్కారు మీద లేచిన పితూరీ అణిగి ఎన్నాళ్ళో కాలేదు. భుజాన ఖాకీ సంచీతో ఎవడు కొండెక్కినా జనానికి పోలీసులాగే కనిపించే రోజులవి. అరకు దాటి ముంచింగిపుట్టు వైపు పోయే దారిలో, కాలిబాటన తప్ప చేరలేని ఒక చిన్న ఊరు నా వంతుకి వచ్చింది. మొదటిసారి వెళ్ళేసరికి పొయ్యిల మీద అంబలి ఉడుకుతోంది, మనిషన్నవాడు లేడు. అందరూ అడవిలోకి పోయారు. రెండోసారీ అంతే. పై అధికారి నన్ను నిలబెట్టి చివాట్లు పెట్టాడు.

సంతలో పసుపు అమ్ముకుంటున్న ఆ ఊరి ముసలమ్మని పట్టుకుని, ఎందుకిలా పారిపోతారని అడిగాను. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"పెద్దమ్మోరు మాయమ్మ. ఆయమ్మ సెప్తే సేత్తాం. నువ్వెవులివని సెయ్యిత్తాం?"

ఆ కొండల్లో ఒక కట్టుబాటు ఉంది. అమ్మవారు పోసిన ఇంట్లోకి, ముందే ఒంటిమీద అమ్మవారి మచ్చలున్నవాళ్ళు తప్ప ఎవరూ అడుగు పెట్టరు. వాళ్ళే రోగికి నీళ్ళిస్తారు, అంబలి తాగిస్తారు. మచ్చలు లేనివాళ్ళు ఊరొదిలి పోడు చేల దగ్గర గుడిసెల్లో ఉంటారు. మచ్చ అంటే, వీళ్ళు నావాళ్ళు అని అమ్మ వేసిన గుర్తు. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదన్న మా పుస్తకాల్లోని తెలివీ ఇదేనని నాకు తట్టింది. తట్టినవాణ్ణి మెచ్చుకుని ఊరుకోవచ్చు కదా. దాన్ని వాడుకుందామనుకున్నాను.

మూడోసారి, మాఘమాసం చివర్లో, వేపమండలు పట్టుకుని, ముఖానికి పసుపు పూసుకుని వెళ్ళాను. చిన్నప్పుడు మా ఊరి జాతరలో పూనకం వచ్చిన ఆడవాళ్ళని కళ్ళింత చేసుకుని చూసినవాణ్ణి. ఊరి మధ్య అమ్మవారి రాయి ముందు సంచీ పడేసి, జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టాను. చెట్ల చాటునుంచి ఒక్కొక్కరే వచ్చారు. "నేను మీ అమ్మని. నా ముద్ర సూదితో పంపించాను. ఈ ముద్ర పడ్డ బిడ్డ జోలికి నేను రాను" అని గొంతు మార్చి అరిచాను. చాలాసేపే ఊగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకది బాగుంది. రెండుసార్లు నన్ను చూసి పారిపోయిన జనం కాళ్ళ మీద పడుతుంటే ఎవడికి చేదు?

ఆ ఊరికి ఒక దిసారి ఉండేవాడు. విత్తనం ఎప్పుడు చల్లాలో, పెళ్ళి ఎప్పుడు చెయ్యాలో చుక్కలు చూసి చెప్పే పెద్దమనిషి. ఆయన మాత్రం నా కాళ్ళకి మొక్కలేదు. ఒక పక్కగా గొంతుక్కూర్చుని చూశాడు, అంతే.

వచ్చిన పిల్లలందరికీ టీకాలు వేశాను. తడిగుడ్డలో చుట్టి పిడతలో పెట్టిన గొట్టాలు అయిపోయాయి. సంచీ పైజేబులో ఒక్క గొట్టం మిగిలింది. పట్టుకుంటే వెచ్చగా ఉంది. నేను ఊగుతుండగా సంచీ చాలాసేపు ఎండలో పడి ఉంది. దాన్ని పారేద్దామనుకుంటుండగా ఒకామె చంటిబిడ్డని ఎత్తుకుని పరుగున వచ్చింది. పోడు చేను దూరం, అందుకే ఆలస్యమైంది. ఆమె ముఖం నిండా పాత మచ్చలున్నాయి. బిడ్డకి ఎనిమిది నెలలుంటాయేమో, రొమ్ము వదలకుండా ఓరకంట నన్ను చూస్తోంది.

నేను తటపటాయించడం చూసి ఆమె ముఖం చిన్నబోయింది. "దీనికి నేదా బాబూ? అమ్మ నా గుంటనొగ్గేసిందా?"

మందయిపోయింది, వచ్చేవారం వస్తానని ఉద్యోగస్థుడు చెప్పొచ్చు. అమ్మవారు ఎలా చెబుతుంది? ఊరంతా చూస్తోంది. ఆ వెచ్చటి గొట్టమే విరిచి బిడ్డ చేతిమీద గీశాను. మందు పట్టవచ్చు, పట్టకపోవచ్చు, ఏడో రోజున చూసేదాకా చెప్పలేనని అనలేదు. దేవత మాటకి "ఒకవేళ" ఉండదు.

ఏడో రోజున వెళ్ళలేదు. దేవత పూనినవాడు మళ్ళీ వచ్చి చేతులు తడిమి చూస్తే దేవతకే అనుమానమా అనుకోరూ? ఇది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి, కొండెక్కడానికి బద్ధకించాను. చూసినట్టుగా కాగితాల మీద రాసేశాను.

చైత్రంలో, కొండవాళ్ళు వేటకి పోయే ఇటుకల పండగ అయ్యాక ఆ ఊళ్ళో అమ్మవారు పోసిందని సంతలో విన్నాను. పెద్దవాళ్ళకే పోసింది, పిల్లలు బాగున్నారన్నారు. లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఇంకొన్ని రోజులకి ఆ ఊరివాడొకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"నువ్వు ముద్దరేసిన గుంటకి అమ్మ పోసింది. దాని తల్లి నిన్ను బేగి తెమ్మంది."

ఏ బిడ్డో నేనడగలేదు. దారిపొడుగునా అతనే చెప్పాడు. ఆ వేళ ఆఖర్న పరుగెత్తుకొచ్చినామె అక్కకి మశూచి వచ్చింది. మచ్చలున్న మనిషి గనక సేవ చెయ్యడానికి ఈమె వెళ్ళింది. వెనకటి రోజుల్లో అయితే చంటిదాన్ని తన తల్లి దగ్గర వదిలి వెళ్ళేది. ఇప్పుడు బిడ్డకీ ముద్ర ఉంది కదా. చంకనేసుకుని వెళ్ళింది. అక్క బతికింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆమె బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆకులతో విసురుతోంది. బిడ్డ ముఖం గుర్తుపట్టేలా లేదు. కళ్ళు మూసుకుపోయాయి. నేను ముందు చూసింది ముఖం కాదు, చెయ్యి. టీకా వేసినచోట సన్నటి గీత తప్ప బొబ్బ పొంగిన ఆనవాలు లేదు. ఆ గొట్టం నీళ్ళే.

నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది. దాన్ని మాత్రం తట్టుకోలేకపోయాను.

"వచ్చినావా బాబూ. అమ్మని పిలు. నీ ఒంటిమీదకి వత్తాది గదా. ముద్దరేసి మళ్ళీ ఎందుకొచ్చిందో అడుగు. నా వల్ల తప్పు జరిగితే నన్ను తీసుకుపొమ్మను."

వాకిట్లో నలుగురైదుగురు మచ్చల మనుషులు నిలబడ్డారు. వాళ్ళలో దిసారి కూడా ఉన్నాడు. వేపమండ ఒకటి ఆమే తెప్పించి ఉంచింది, నా చేతిలో పెట్టింది. నిజం చెప్పాలంటే, ఇంకోసారి ఊగేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఊగితే ఆ రోజుకి ఆమెకి ఊరటగా ఉండేదేమో. కానీ వేపమండ కింద పెట్టేశాను.

"తల్లీ, నా మీద అమ్మ లేదు. ఎప్పుడూ రాలేదు. ఆ వేళ నేను వేషం వేశాను" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అది ముద్ర కాదు, మందు. మంచి మందయితే వేసినచోట పొంగుతుంది. ఈ బిడ్డకి వేసింది ఎండకి పాడైపోయింది. నాకు అప్పుడే అనుమానం ఉంది. అయినా వేశాను.

ఆమె బిడ్డ చెయ్యి పైకెత్తి ఆ గీత వంక చూసింది.

"మిగతా గుంటలందరికీ సెయ్యి వాసింది. జొరాలొచ్చి ఏడిసినారు. నా గుంటకి ఏటీ అవనేదు. అమ్మకి నా గుంటంటే పేమ, నొప్పెట్టకుండా ముద్దరేసిందనుకున్నాను. ఊరంతా సెప్పుకున్నాను."

బిడ్డ చేతిని మెల్లగా ఒళ్ళో పెట్టింది. "పొంగాలని ఆ పొద్దే సెప్పుంటే, దీన్ని మాయమ్మ కాడ ఒగ్గేసి ఎల్లుందును గదా" అంది. గొంతు పెంచలేదు. ఆ తరవాత నా వైపు చూడలేదు.

బయటికొచ్చి కూలబడ్డాను. దిసారి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నాకు తెలుసును. అమ్మ పూనినోడు సంచీ ఎండలో ఉందని సూసుకోడు. నువ్వు ఊగతా ఊగతా కాలితో నీడకి లాగినావు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు పెద్దయ్యా?"

"గుంటలికి మంచి జరగతాదేమో అనుకున్నాను. నాకు సుక్కలు తెలుసు గానీ అమ్మ తెలీదు. నాకెప్పుడూ కనబడనేదు. తెలీనిది తెలుసనలేదు ఇన్నాళ్ళూ. నిన్ను సూసి నోరు మూసుకున్నాను. ఆ పాపం నాకూ ఉంది."

ఆయనకున్నంత నిజాయితీ చదువుకున్న నాకు లేకపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశాను.

బిడ్డ మర్నాడు పొద్దెక్కేవేళ పోయింది. అమ్మవారు పోసి పోయినవాళ్ళని కాల్చరు. ఊరి చివర గొయ్యి తీసి పాతిపెట్టారు. నన్ను కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఎవరూ చెయ్యెత్తలేదు. నన్ను దాటి వెళ్ళేటప్పుడు పక్కకి ఒరిగి వెళ్ళారు. ఆ వేళ రాక, లేదా తరవాత పుట్టి, టీకాలు పడని పసివాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా కొందరున్నారు. వాళ్ళ తల్లులు వాళ్ళని పోడు గుడిసెలకి ఎత్తుకుపోయారు. ఈసారి నన్ను నమ్మేవాళ్ళెవరు? నిజం మందు తెచ్చినా ఆ ఊరికి ఇక నేను అబద్ధమే.

కొత్త గొట్టాలు తెచ్చుకుని, వారం పోయాక మళ్ళీ వెళ్ళి దిసారి అరుగు మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మధ్యాహ్నానికి ఆమె వచ్చింది. దూరంగా నిలబడి, "ఆ సంచీలోది ఏటి?" అని అడిగింది.

"మందు."

"మంచిదేనా?"

"మంచిదే అనుకుంటున్నాను. పొంగితేనే తెలుస్తుంది. ఏడో రోజున చూడాలి. పొంగకపోతే మళ్ళీ వెయ్యాలి" అన్నాను.

ఆమె వెంటనే వెనుదిరిగింది. కొండ మీది గుడిసెలకి వెళ్ళింది. అక్కడేం చెప్పిందో నాకు తెలియదు. పొద్దు వాలకముందే తల్లులు పసివాళ్ళతో దిగి వచ్చారు. ఏడ్చే ప్రతి బిడ్డనీ ఆమే ఒళ్ళో కూర్చోపెట్టుకుని చెయ్యి కదలకుండా పట్టుకుంది. నేను గీశాను.

ఏడో రోజున ఈసారి తెల్లారేసరికే ఊళ్ళో ఉన్నాను. అప్పటికే ఆమె ఇంటింటికీ తిరిగి చేతులన్నీ చూసేసింది. చివరి ఇంటి ముందు ఒక బిడ్డని ఎత్తుకుని నాకోసం నిలబడి ఉంది. వెనకాల ఆ బిడ్డ తల్లి భయంగా చూస్తోంది.

"దీనికి పొంగనేదు. మళ్ళీ ఎయ్యి" అని నాతో చెప్పి, తల్లి వైపు తిరిగింది. "భయపడకు. పొంగినదాకా దీన్ని జబ్బింటికాడికి తీసుకెళ్ళకు, అంతే."

ఎనిమిది నెలల బిడ్డతో పరుగెత్తుకొచ్చిన రోజున నేను ఆమెతో చెప్పవలసిన మాట అది.