సార్ వచ్చినా లేవకూడదు

రోహిణి టీచరు సాధించిన మొదటి విజయం బియ్యం బస్తాలను పక్క గదిలోకి మార్పించడం. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ప్రభుత్వ బడిలో ఒక గది ఖాళీ చేయించడం ఎంత పనో, చేయించినవాళ్లకే తెలుస్తుంది. నగరం అంచున నార్సింగి దగ్గర మా ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గది ఒకటుంది. ఎండ బాగా వస్తుంది, కరెంటు పాయింట్లు ఉన్నాయి. పిల్లలకు సర్క్యూట్ బోర్డుల పని నేర్పడానికి ఆ గది కావాలని రోహిణి అడిగింది. ఎండాకాలంలో అడిగితే వానాకాలం చూద్దామన్నారు. వానాకాలంలో అడిగితే పక్క గది కారుతోందన్నారు.

వంట చేసే కిష్టమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఏంది టీచరమ్మా, బియ్యం తీస్కపోయి వానల పెట్టాల్నా? రేపు ముక్క వాసనొస్తే సార్లు నన్నే తిడ్తరు."

"కారే కాడ నేను రేకు ఏయిస్త అక్కా. నీ బియ్యం మీద ఒక్క సుక్క పడ్తె నన్నడుగు."

"నువ్వేయిస్తవా? నీ జీతమే నెలనెల వస్తలేదాయె!"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు, రోహిణి కూడా నవ్వింది. కానీ రేకు వేయించింది. ఆ తర్వాత మొదటి బస్తా కిష్టమ్మే ఈడ్చింది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ముసలాయన ఎవరని అడుగుతారు. నేను ఐలయ్యను. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే బాలానగర్‌లో లేతు మిషన్ మీద చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇవాళ జీడిమెట్లలో సొంత షెడ్లు నడుపుతున్నారు. ఈ బడికి ప్రహరీ గోడ కట్టించిందీ, బోరు వేయించిందీ, ఆడపిల్లల మరుగుదొడ్లకు తలుపులు పెట్టించిందీ నేనే. చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. చేసిన పని చెప్పుకుంటే తప్పేముంది? అయితే ఇన్ని పనులకూ నేను పెట్టిన ఓపిక అంతా కలిపినా, ఆ ఒక్క గది కోసం రోహిణి పెట్టినంత ఉండదు. అది కూడా చెప్పాలి.

రోహిణి నాకు తమ్ముడి వరసయ్యే నర్సయ్య బిడ్డ. నర్సయ్య బర్రెలు మేపిన జాగాలో ఇప్పుడు ముప్పై అంతస్తుల మేడ ఉంది. దాని పేరు పలకాలంటే నాకు నోరు తిరగదు. రోహిణి ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ఔటర్ రింగు రోడ్డు అవతల ఒక ఫ్యాక్టరీలో బోర్డులు బిగించే లైన్‌లో కుదిరింది. అదే లైన్‌కు సూపర్‌వైజర్ అయింది. కంపెనీ బస్సు మా వైపు రావడం మానేశాక ఆ ఉద్యోగం వదిలి, మా బడికి వృత్తివిద్య టీచరుగా వచ్చింది. ఈ టీచర్లను ప్రభుత్వం కాక, ఒక ఏజెన్సీ వాళ్లు ఏడాదికని తీసుకుంటారు. ఏప్రిల్‌లో పంపించేస్తారు. హెడ్మాస్టరు బాగా చేసిందని రాసిస్తే జూన్‌లో మళ్లీ పిలుస్తారు. రాసివ్వకపోతే ఎవరూ పిలవరు.

మా బడి ఆడపిల్లల తల్లులు చాలామంది ఇలాంటి మేడల్లోనే గిన్నెలు తోముతారు. పదో తరగతి కాగానే బిడ్డ కూడా తల్లి వెంట అదే లిఫ్టు ఎక్కుతుంది. రోహిణి కోరిక ఒక్కటే. ఆ పిల్లలు మెడలో కార్డు వేసుకుని ఫ్యాక్టరీ గేటు దాటాలి. పదో తరగతి తర్వాత శిక్షణలోకి తీసుకుని, చదువు సాగనిచ్చి, పద్దెనిమిది నిండాక పని ఇచ్చే కంపెనీ ఒకటి ఒప్పుకోవాలి. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

పాత పరిచయాలు పట్టుకుని ఒక కంపెనీ గడప తొక్కింది. ఫ్యాక్టరీ ఊరవతల, ఆఫీసు మాదాపూర్‌లో. పెద్దమనిషి తోడుంటే బాగుంటుందని నన్నూ రమ్మంది. అద్దాల మేడ కింద సెక్యూరిటీ వాళ్లు నా చేతిసంచీ రెండుసార్లు వెతికారు. పైన ఉదయ్ భాస్కర్ అనే మేనేజరు మాట్లాడాడు. మర్యాద తెలిసిన కుర్రాడు.

"అమ్మా, మీరంటే గౌరవమేనండి. కానీ స్కూలు పిల్లలకి మేం మళ్లీ మొదట్నించీ నేర్పుకోవాలండి. సూత్రాలు గడగడా చెప్తారు, స్క్రూ ఎటు తిప్పాలంటే దిక్కులు చూస్తారు."

"ఏమేం రావాల్నో మీరు చెప్పుండ్రి సార్. అవే నేర్పి తీస్కొస్త."

"కూర్చున్న చోట నిలకడగా కూర్చోవాలండి. చెయ్యి తప్పు చేస్తే దాచకుండా చెప్పాలి. మిగతాది మేం చూసుకుంటాం."

నేనూరుకోలేక, బాలానగర్‌లో నేను ఎంతమందిని తయారుచేశానో చెప్పబోయాను.

"తాతగారూ, మీ కాలంలో అంతా ఇనుమండి," అని నవ్వాడు. "ఇవి చెయ్యి తగిల్తేనే చచ్చిపోయే చిప్పులు."

దసరాకు ముందు పిల్లల్ని ఒకరోజు తీసుకురమ్మన్నారు. ఫ్యాక్టరీలోనే శిక్షణ హాలు ఉంది. అక్కడ పిల్లలు పని చేస్తుంటే చూసి, ఒప్పుకోవాలో వద్దో చెబుతారు. మన ఒంట్లో కంటికి కనపడని కరెంటు ఉంటుందట, అది తగిలితే చిప్పు పాడవుతుందట. అందుకని మణికట్టుకు పట్టీ కట్టి, దాని తీగను బల్లకు తగిలిస్తారు. మా పిల్లలు పట్టీలు కట్టుకుని తల వంచి కూర్చున్నారు. కిష్టమ్మ మనవరాలు దేవిశ్రీ టంకం వేస్తుంటే పొగ సన్నగా లేస్తోంది. ముచ్చటేసింది. హాలంతా నిశ్శబ్దం. ఉదయ్ భాస్కర్ నా వైపు చూసి తలాడించాడు.

అంతలో తలుపు తీసుకుని కంపెనీ పెద్ద సారు లోపలికి వచ్చాడు.

క్లాస్ లీడర్ భానుశ్రీ పెద్దగా "క్లాస్... స్టాండ్!" అంది.

అందరూ ఒక్కసారి లేచారు. "గుడ్ మార్నింగ్ సా...ర్" అని బడిలో తీసినట్టే రాగం తీశారు. పట్టీల తీగలు పటపట ఊడిపోయాయి. ఒక బల్ల మీది ట్రే జారి, బోర్డులన్నీ నేల మీద పడ్డాయి. దేవిశ్రీ చేతిలో వేడి కడ్డీ అలాగే ఉంది, పక్కపిల్ల జడకు తగలకుండా పోవడం మా అదృష్టం. పెద్ద సారు ఏం చేయాలో తెలియక తనూ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

రోహిణి ముఖం చూడలేకపోయాను. లైన్‌లో ఉన్నన్నాళ్లూ ఆమె ఎవరి కోసమూ లేవలేదు. బడికి వచ్చాక పిల్లలు లేవడం ఆమెకూ మామూలైపోయింది. అదొక తప్పవుతుందని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"మంచి పిల్లలేనండి," అన్నాడు ఉదయ్ భాస్కర్, పడిపోయిన బోర్డులు తనే ఏరుతూ. "కానీ ఫ్యాక్టరీలో గంటకు పదిమంది తిరుగుతారు. వచ్చినోళ్లందరికీ లేస్తే లైన్ ఏమవుద్ది? దీపావళి పోయాక ఇంకోసారి చూద్దామండి. ఇదే ఆఖరండి, నా చేతుల్లో కూడా అంతకంటే లేదు."

ఆ రోజు నుంచి రోహిణి పాఠం మారిపోయింది. సార్ వచ్చినా లేవకూడదు. ఆమె గది బయటికి పోయి మళ్లీ లోపలికి వచ్చేది. పిల్లలు లేచేవాళ్లు. మళ్లీ పోయేది, మళ్లీ వచ్చేది. ఆమె సంగతి వాళ్లకు అలవాటయ్యాక నన్ను పిలిపించింది. నేను కర్ర టకటకలాడించుకుంటూ వెళితే సగం లేచి, నాలుక కరుచుకుని, మళ్లీ కూర్చునేవాళ్లు.

"మీరొస్తే లేవకుంటే మా అవ్వ చంపుతది తాతా," అంది దేవిశ్రీ.

"మీ అవ్వకు నేను జెప్త గని, నువ్వు బోర్డు చూడు," అన్నాను.

"మరి మనసుల నమస్తే అనుకోవచ్చా?"

"అనుకో. చెయ్యి కదలొద్దు," అంది రోహిణి.

కొన్ని వారాలకు నేను వెళ్లినా ఒక్క తల కూడా పైకి లేవకుండా అయింది. నిజం చెప్పాలంటే, ఈ బడిలో అందరూ నన్ను చూసి లేవడం నాకు అలవాటు. గోడ కట్టించినవాణ్ని కదా. ఎవరూ లేవని గదిలో నిలబడితే మొదట ఎట్లానో అనిపించింది. తర్వాత వాళ్ల చేతుల వైపు చూడటం మొదలుపెట్టాను. ఫోర్‌మన్‌గా పనిచేసినన్నాళ్లూ నేను చూసింది అవే.

దీపావళి తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి పెద్ద సారు వెంట ఇంకెవరో విదేశీయులు కూడా వచ్చారు. మా పిల్లలు కదల్లేదు. పదో తరగతి కాగానే శిక్షణలోకి తీసుకుంటామని, ఏటా మా బడి నుంచే తీసుకుంటామని కంపెనీ మాట ఇచ్చింది. తిరుగు దారిలో పిల్లలు పాటలు పాడుతుంటే రోహిణి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

సంతోషం సంక్రాంతి సెలవుల దాకా కూడా నిలవలేదు. జిల్లా నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. హెడ్మాస్టరు సీతారామయ్య గారు ఆయన్ను అన్ని తరగతులకూ తిప్పారు. ప్రతి గదిలో పిల్లలు లేచారు, రాగం తీశారు. చివరికి రోహిణి గదికి వచ్చారు. ఎవరూ లేవలేదు. అధికారి కాసేపు నిలబడి, "ఇక్కడ పిల్లలకు క్రమశిక్షణ నేర్పరా?" అని అడిగి వెళ్లిపోయాడు.

సీతారామయ్య గారు చెడ్డవాడు కాదు. కూకట్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి, బెల్లు కంటే ముందు వస్తాడు. వచ్చే ఏడు రిటైర్ కావాలి. ఆ సాయంత్రం ఆయన గదిలో ముగ్గురం కూర్చున్నాం.

"ఐలయ్య గారూ, నా సర్వీసంతా చూసుకోండి. నా బడిలో పెద్దవాళ్లొస్తే పిల్లలు లేవకపోవడం ఇవాళేనండి. ఆయన ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"సార్, బడిల లేవాలె, ఫ్యాక్టరీల కూసోవాలె అంటే పిల్లలకు అయితదా? మొదటిపాలి ఏమైందో మీకు చెప్పిన గద."

"నాకు చెప్పావమ్మా. ఆయనకెవరు చెప్తారు?"

పిల్లలు మళ్లీ లేచి నిలబడేదాకా, వచ్చే ఏడాదికి రోహిణిని సిఫారసు చేస్తూ సంతకం పెట్టనని ఆయన అన్నాడు. ఆయన సంతకం లేకపోతే రోహిణి లేదు. రోహిణి లేకపోతే ఆ గదిలోకి ఎవరు వస్తారో, అసలు ఎవరైనా వస్తారో రారో తెలియదు. కంపెనీ ఇచ్చిన మాట కూడా దాంతో పోతుంది.

నేను ఆమెకు నచ్చజెప్పాలని చూశాను. "అంత పెద్ద సార్లు ఎప్పుడో ఒకసారి వస్తరు. ఆ ఒక్కనాడు లేపితే ఏం పోతది బిడ్డా?"

"ఒక్కనాడు లేస్తే మల్ల మొదటికొస్తరు పెద్దనాయిన. చూసినవు గద, ఎంత తండ్లాడితే కుదిరిందో." బల్ల మీది తీగలు చుట్టిపెడుతూ అంది, "అలసిపోయిన. అటు కంపెనోళ్లకు జెప్పాలె, ఇటు సారుకు జెప్పాలె. పిల్లలకు జెప్పుడే అల్కగున్నది."

ఎండలు ముదిరాయి. పదో తరగతి పరీక్షలు మొదలై, అయిపోయాయి. సంతకం కాలేదు. ఇద్దరిలో ఎవరూ దిగిరాలేదు. ఒకరినొకరు తిట్టుకోనూ లేదు. వరండాలో ఎదురుపడితే "నమస్తే సార్", "నమస్తే అమ్మా" అనుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. అది చూడటం నాకు కష్టంగా ఉండేది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం సీతారామయ్య గారు ఒక్కరే ఆ గది గుమ్మం దగ్గరికి వచ్చారు. నేను లోపల స్టూలు మీద ఉన్నాను. తొమ్మిదో తరగతి పిల్లలతో పాటు పరీక్షలైన పిల్లలు కూడా సాధన కోసం వచ్చి కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. దేవిశ్రీ తల ఎత్తకుండానే, "నమస్తే సార్, చెయ్యి ఖాళీ లేదు," అంది. ఆయనకు నవ్వొచ్చింది. పిల్లల చేతుల వైపు చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. పోతూ పోతూ నన్ను బయటికి పిలిచాడు.

"ఐలయ్య గారూ, మీకు వడ్రంగులు తెలుసు కదండీ. మంచి పలక ఒకటి కావాలి."

"ఎందుకు సార్?"

"మన పై ఆఫీసర్లకి నోటితో చెప్తే కోపం వస్తుందండి. బోర్డు మీద రాసుంటే అదేదో రూలు అనుకుని తల ఊపి వెళ్తారు. నా సర్వీసులో నేను నేర్చుకుంది అదొక్కటే."

పలక నేనే చేయించాను, మంచి టేకుది. దాని మీద ఆయన స్వయంగా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. 'ఈ గదిలో పని జరుగుచున్నప్పుడు విద్యార్థినులు లేచి నిలబడరు. అధికారులు, అతిథులు గమనించగలరు. ప్రధానోపాధ్యాయులు.' తలుపు పైన మేకులు కొట్టించి, కింద నిలబడి రెండుసార్లు చదువుకున్నారు. ఆ తర్వాత ఆఫీసు గదికి వెళ్లి సంతకం పెట్టారు.

రోహిణి ఆ సాయంత్రం వరండా అరుగు మీద కూర్చుని కిష్టమ్మ ఇచ్చిన చాయ్ చల్లారేదాకా చేతిలోనే పట్టుకుంది.

సంతకం అయినా ఏజెన్సీ వాళ్ల ఆర్డరు ఇంకా రాలేదు. బడి తెరిచేటప్పుడు చూద్దామంటున్నారు. వేసవిలో ఈ టీచర్లకు జీతం ఉండదు. అందుకని ఈ సెలవుల్లో రోహిణి దేవిశ్రీని, భానుశ్రీని, పదో తరగతి అయిన మిగతా పిల్లల్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ శిక్షణ హాలులో నేర్పే పనికి వెళ్లింది. ఉదయ్ భాస్కర్ ఆమెను అక్కడే ఉండిపొమ్మంటున్నాడు. జీతం నెలనెలా వస్తుంది, మా వైపు బస్సు కూడా వేస్తారట. వెళ్లేముందు నేను అడిగాను.

"వాళ్లు ఉండుమంటున్రు గద బిడ్డా. మల్లొస్తవా?"

"తొమ్మిదోళ్లు ఇప్పుడిప్పుడే టంకం పట్టుకున్నరు. నడిమిట్ల ఇడ్సిపెట్టి ఏడ పోత?"

"ఆర్డరు రాకుంటే?"

"రాకున్న వస్త. సారు సంతకం పెట్టినంక నేను రాకుంటే ఆయినకు ఎట్లుంటది?"

బడి మళ్లీ తెరిచేది, రోహిణి వస్తానన్నది జూన్ పన్నెండు, శుక్రవారం.