సొంత పవరున్న డబ్బా

నిన్న మా అమ్మాయి టీవీకి వూఫర్ కలుపుతుంటే, అది గుర్రుమన్న చప్పుడుకు గద్వాలలో ఉన్న నా గుండె అచ్చంపేట దాకా పరుగెత్తింది.

చిన్నప్పుడు అక్కడ మా చిన్నాయన ఏనుగుపిల్లంత వూఫర్ తెచ్చి టీవీకి కలిపాడు. "దీనికి సొంత పవర్ ఉంటది, జర దూరముండు బిడ్డా" అన్నాడు. పవర్ ఉండేది ఎల్లమ్మ తల్లికేనని నాకు తెలుసు. బెదిరి జరగబోతే కాలు డబ్బాకు తగిలింది. నల్లమల పులులన్నీ ఒక్కసారి లేచినట్టు గుర్రుమంది. ఇక కళ్లు పోయినట్టేనని చేతులు జోడించాను.

"తప్పైంది తల్లీ! బెల్లం తిన్నది గూడ నేనే!"

చిన్నాయన వదులైన పిన్ను నొక్కాడు. గుర్రు ఆగింది. తల్లి కరుణించింది. వెనకున్న అమ్మ కరుణించలేదు.

"పిల్లి తిన్నదంటివి గదనే!"

నిన్నా వదులైంది పిన్నేనని తెలుసు. అయినా ఫ్రిజ్‌లోంచి మాయమైన మైసూర్‌పాక్ సంగతి నోటిదాకా వచ్చింది.