ఒకే గేటు ముందు ఇద్దరు యములు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసే అప్పలనరసింహాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "యముడు బావా, కాస్త పక్కకి జరుగు" అంటారు బెల్లం దిమ్మలు మోసేవాళ్లు. టీ కొట్టు ఆవిడ కూడా "యముడుగారికి చక్కెర తక్కువ" అని కేకేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా పౌరాణిక నాటకాల్లో ఆయనే యమధర్మరాజు. ఆరడుగుల మనిషి, డప్పులాంటి గొంతు. నవ్వితే మొదటి వరసలో పిల్లలు తల్లి కొంగులో దూరేవారు. ఇంట్లో మాత్రం బొద్దింక కనిపిస్తే మంచమెక్కి భార్య సూర్యకాంతమ్మని పిలుస్తాడు.

నాటకాలు తగ్గిపోయాయి గానీ యముడికి పని తగ్గలేదు. హెల్మెట్ లేనివాళ్లని కూడళ్లలో ఆపి బెదిరించాలన్నా, ఫ్యాక్టరీల్లో భద్రతా వారోత్సవం జరపాలన్నా యముడే కావాలి. "కిట్నుడి ఏసాలేసినోళ్లంతా ఇంట్లో కూకున్నారు, నాకు ఆదివారం కూడా కాళీ లేదు" అని మీసం దువ్వుకునేవాడు.

ఆ గర్వంతోనే సంఘంలో చేరలేదు. గవరపాలెంలో ఒక టైలర్ షాపు మీది గదిలో రంగస్థల కళాకారుల సంఘం నడిపే ధనశ్రీ ఏడేళ్లుగా ఆయన వెంటపడుతోంది. ఆవిడా నటే. స్టేజీ మీద చంద్రమతిగా ఎంత ఏడుస్తుందో, కింద అంత గట్టిగా మాట్లాడుతుంది.

"ఒక్కడివే ఉంటే ఎవుడైనా వంచుతాడు బావా. సేరిపో."

"యముడికి యూనియనేటమ్మా? అందరూ నా దగ్గరకి రావాల్సినోళ్లే గానీ, నానెవుడి దగ్గరకీ ఎల్లేవోణ్ణి కాదు" అని నవ్వేసేవాడు.

ఈ కార్యక్రమాలన్నీ కుదిర్చేది సురేష్‌బాబు. తెల్ల చొక్కా, చెవిలో ఎప్పుడూ ఫోను, నోట్లో ఎప్పుడూ 'గురూగారూ'. ఒకరోజు ఫోన్ చేసి, "గురూగారూ, ఈసారి కారు పంపలేను. పూడిమడక వైపు ఇంకో యముడున్నాడు, బస్సులో వచ్చేస్తానంటున్నాడు. మీరే ఆలోచించుకోండి" అన్నాడు.

ఇంకో యముడా! అప్పలనరసింహం ఇంకేమీ బేరమాడలేదు. మర్నాడు కిరీటం, గద, నల్ల వెల్వెట్ అంగరఖాతో పరవాడ బస్సెక్కాడు. బస్సు కిటకిటలాడుతున్నా ఆయన పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆస్పత్రికి వెళ్తున్న ఒక ముసలమ్మ ఆయన్ని చూసి దండం పెట్టి, రెండు స్టాపుల ముందే దిగిపోయింది.

తరవాత నెల భోజనం పోయింది. ఆ యముడు క్యారేజీ తెచ్చుకుంటాడట. సూర్యకాంతమ్మ తిట్టుకుంటూ పులిహోర కట్టింది. ఆ పై నెల మేకప్ మనిషి పోయాడు. ఆ యముడు తన మొహానికి తనే రంగేసుకుంటాడట. సూర్యకాంతమ్మే మీసం దిద్దింది. ఒక కొస చెవి దాకా పోయింది, రెండోది బుగ్గ మీదే ఆగిపోయింది.

చివరికి, పరవాడలో ఒక మందుల కంపెనీ భద్రతా వారోత్సవానికి పిలుస్తూ సురేష్‌బాబు అన్నాడు: "గురూగారూ, ఆ యముడు సొంత దున్నపోతుతో వస్తున్నాడండీ."

అప్పలనరసింహం చీడికాడలో ఉన్న బావమరిది ఇంటికి పరిగెత్తాడు. అక్కడ దున్నపోతు లేదు, పాడిగేదె ఉంది. అది దూడ లేకుండా అడుగు కదపదు. రెండింటినీ బెల్లం వ్యానులో ఎక్కించుకుని, పొద్దున్నే కంపెనీ గేటు ముందు దించాడు. గేదె మీద యమధర్మరాజు, వెనక 'అంబా' అంటూ దూడ.

గేటు దగ్గర ఇంకో యముడున్నాడు.

సన్నగా ఉన్నాడు, నలభై ఏళ్లుంటాయి. పాత మోపెడ్‌కి అట్టతో దున్నపోతు తల, దానికి రెండు కొమ్ములు కట్టి, దాని మీద కూర్చున్నాడు. సెక్యూరిటీ గార్డు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "పాసు ఒక్క యముడికే ఉంది" అన్నాడు.

"ఎవుడివిరా నువ్వు?" అని గర్జించాడు అప్పలనరసింహం.

"యమధర్మరాజుని! నువ్వెవుడివి?" అన్నాడు రెండోవాడు.

షిఫ్టు బస్సు దిగినవాళ్లు గుమిగూడి ఫోన్లలో వీడియో తీశారు. గదలు లేచాయి. రెండూ థర్మాకోల్‌వే, ఒకదానికొకటి తగిలి విరిగిపోయాయి. గాలికి ముక్కలు ఎగిరిపోతుంటే అప్పలనరసింహానికి ఏడుపొచ్చింది.

"నీకేటి, దున్నపోతున్నోడివి. నీవల్ల నేను పాలిచ్చే గేదెనెక్కాల్సొచ్చింది" అన్నాడు.

"నాకు దున్నపోతెక్కడిది? మాది సేపలోళ్ల ఇల్లు. నువ్వు తోలుకొత్తన్నావంటేనే కదా మోపెడ్‌కి కొమ్ములు కట్టేను!"

"మరి క్యారేజీ తెచ్చుకునేది నువ్వు కాదా?"

"నువ్వు తెచ్చుకుంటన్నావని సురేష్‌బాబు సెప్పేడు మామా. కారొద్దని బస్సెక్కింది కూడా నువ్వేనంట కదా?"

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. రెండోవాడి మీసం కూడా ఒక పక్కకి ఎక్కువగా పోయి ఉంది. ఆయన పేరు నూకరాజు.

ఇంతలో సురేష్‌బాబు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఒకరు ఎగ్గొడితే ఇంకొకరుంటారని ఇద్దర్నీ రమ్మన్నాడు, ఇద్దరూ ఒకే టయానికి వస్తారనుకోలేదు. "టైమైపోయింది, ఎవరో ఒకరు రండి. ముందు ఎవరొస్తే వాళ్లకే!"

అప్పలనరసింహం కుడికాలు లేచింది. అబద్ధం ఎందుకు, లేచింది. పక్కకి చూస్తే నూకరాజు కాలూ గాల్లోనే ఉంది. ఇద్దరూ సిగ్గుపడి దించేశారు.

"ఒక ఫోను సేసుకోవాలి" అని అప్పలనరసింహం ధనశ్రీకి ఫోన్ చేశాడు.

"ఏడేళ్లకి గుర్తొచ్చేనా?" అందావిడ. అంతా విని, "ఇద్దరూ అక్కడే కూకోండి. నేనొచ్చేదాకా నెగొద్దు" అంది.

గేటు ముందు ఇద్దరు యములు గొంతుక్కూర్చున్నారు. దూడ పాలు తాగుతోంది. లోపల మైకులో "మరికాసేపట్లో యమధర్మరాజుగారు విచ్చేస్తారు" అని నాలుగుసార్లు వినిపించింది. సురేష్‌బాబు బతిమాలాడు, బెదిరించాడు, ఇంకో యముణ్ణి తెస్తానన్నాడు. "తే. నానూ సూత్తాను" అన్నాడు నూకరాజు.

ముప్పావుగంటకి ధనశ్రీ స్కూటీ మీద వచ్చింది. మోపెడ్ సీటు మీద పుస్తకం పెట్టి ఇద్దరి చేతా సభ్యత్వ సంతకాలు చేయించింది. తరవాత కంపెనీ ఆహ్వానపత్రం వెనక, సురేష్‌బాబు కుదిర్చే ప్రతి కార్యక్రమానికీ షరతులు తనే రాసింది: వెళ్లడానికీ రావడానికీ కారు. క్యాంటీన్లో భోజనం. మేకప్ మనిషి. ఎండలో గంటకి మించి నిలబెట్టకూడదు. దున్నపోతునీ, దాన్ని పట్టుకునే మనిషినీ పిలిచినవాళ్లే తేవాలి. దెబ్బ తగిలితే ఆస్పత్రి బాధ్యత వాళ్లదే. లోపల పెద్దాఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. సురేష్‌బాబు చదవకుండానే సంతకం పెట్టేశాడు.

ఆరోజు ఇద్దరు యములూ కలిసే లోపలికి వెళ్లారు. ఒకడు ప్రశ్నలడిగాడు, ఇంకొకడు హెల్మెట్ పెట్టుకోని సూపర్‌వైజర్ని పాశం వేసి లాగాడు. జనం ఈలలు వేశారు.

వానాకాలంలో ఒక స్కూల్లో సురేష్‌బాబు తెచ్చిన దున్నపోతు అప్పలనరసింహం పాదం తొక్కింది. రెండు వేళ్లు విరిగాయి. వెనకటి రోజులైతే గుడ్డ చుట్టుకుని కుంటుతూ ఇంటికొచ్చేవాడు. ఈసారి సురేష్‌బాబే కారులో ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాడు. కాగితం అలా ఉంది మరి. ఆరువారాలు మంచం దిగొద్దన్నారు. ఆయనకి నొప్పికన్నా దిగులెక్కువైంది.

"నా పోగ్రాములన్నీ నూకరాజుకి పోయేయే. ఇంక నన్నెవుడు పిలుత్తాడు?"

"పిలవకపోతే కాటా ఉంది, నేనున్నాను. నోర్మూసుకుని కాలు దిండు మీదెట్టు" అంది సూర్యకాంతమ్మ.

కట్టు విప్పిన వారానికి నూకరాజు సంచీనిండా వంజరాలతో వచ్చాడు. చేపలు సూర్యకాంతమ్మకిచ్చి, మంచం పక్కన కూర్చుని, జేబులోంచి కార్యక్రమాల కాగితం తీశాడు.

"వచ్చే నెలవన్నీ నీవే మామా. పరవాడోళ్లు ఇకనించి నన్నే రమ్మన్నారు. ముందుకాడినించీ అది మా మామది, సంఘంలో అడగండని సెప్పేసేను."

అప్పలనరసింహం కాగితం అందుకుని, మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. "మరి వికటాట్టహాసం బాగా సేత్తన్నావా?" అన్నాడు.

"సేత్తన్నానుగానీ, పిల్లలు భయపడట్లేదు మామా. నవ్వుతన్నారు."

"ముక్కుతో నవ్వితే నవ్వరూ? బొడ్డు కాడినించి రావాల. ఇటు సూడు."

ఆయన మంచం మీద లేచి కూర్చుని ఊపిరి బిగబట్టి నవ్వాడు. వంటింట్లో సూర్యకాంతమ్మ చేతిలోని చేప జారి గిన్నెలో పడింది. "ఇద్దర్నీ కూరలో ఏసేత్తాను" అని అక్కణ్ణుంచి కేకేసింది.