నిద్రపోయే కారు

కార్లను లాక్కుపోయే ఆ లారీ అన్న పేరు నేను అడగనే లేదు. నాన్న చనిపోయిన నెలకు, నాన్న పాత కారును ఆయన ఉండిన వెల్లిచందై నుంచి కోయంబత్తూరుకు, మా ఇంటికి ఆ అన్నే తెచ్చినాడు.

"న్యూట్రల్‌లో పెట్టి లాగితే చాలదా అన్నా?"

"ఇది వెనక చక్రాల బండిమ్మా. ఇంజను ఆగినా, ఆ చక్రాలు తిరిగితే గేర్‌బాక్సు కూడా తిరగతాది. అంత దూరం నూనె అందక పాడైపోతాది. నిద్రపోయేదాన్ని నడిపించగూడదు."

కారు కిందికి దూరి, ఇరుసుకు పోయే పొడుగాటి షాఫ్టు విప్పి, తన తువ్వాలులో చుట్టి, లారీలో నా కాళ్ల దగ్గర పడుకోబెట్టినాడు. ఆగిన ప్రతిచోటా దిగి కట్లు చూసి, "నిద్రపోతా ఉంది" అని మెల్లగా చెప్పేవాడు.

నాన్న పోయినప్పటి నుంచి నాకు కునుకు లేదు. తొప్పూరు కనుమ దిగేటప్పుడు ఆ ఎండకు, లారీ ఊపుకు కళ్లెప్పుడు మూతపడినాయో తెలీదు.

మేలుకునేసరికి లారీ మా ఇంటి ముందర ఉంది. ఇంజను చల్లారిపోయింది. కారు ఇంకా కొక్కేనికే ఉంది. షాఫ్టు మీద నా కాళ్లున్నాయి. ఆయన మా మెట్టుమీద కూర్చోనున్నాడు.

"ఎంతసేపైందన్నా? లేపొచ్చు గదా!"

ఆయన నవ్వినాడు. "నేను చెప్పింది కారు గురించి మాత్రమేనా అమ్మా?"